ఇంటి దొంగను పట్టడం ఎలా?

మన కాలేజీ విద్యార్థి సంఘం వారు వార్షిక సంచికకు వ్యాసం కావాలని మా ఇంటికి వచ్చారు. ముప్పై ఏళ్ళు ఇదే కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన వాణ్ణి గనుక, ఏ కృష్ణబిలాల గురించో, క్వాంటం సిద్ధాంతం గురించో రాస్తానని ఆశపడినట్టున్నారు. "నీళ్ళ పైపుల లీకుల గురించి రాస్తాను" అన్నాను. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మర్యాదస్తులు కనుక "అలాగే మాస్టారూ" అని, మా ఆవిడ ఇచ్చిన కాఫీ తాగి వెళ్ళిపోయారు.

ఆ పిల్లలకు అప్పుడు చెప్పని సంగతి ఒకటుంది. ఈ లీకు వ్యవహారంలో నేనొక తప్పు చేశాను. తరగతి గదిలో ఎన్నో వందలమందికి చెప్పిన పాఠాన్ని నా ఇంట్లో నేనే మరిచిపోయాను. దాని ఫలితం నేను అనుభవించి ఉంటే బాధ లేకపోను. అనుభవించింది వేరొకరు. అందుకే ఈ వ్యాసం.

కథ ఇది

విశాఖపట్నంలో మద్దిలపాలెం దగ్గర 1989లో మేము ఇల్లు కట్టుకున్నాం. కింద మా కాపురం, మేడ మీద వాటా అద్దెకు. ఆ పైన డాబా మీద ఇటుకలతో కట్టిన నీళ్ళ తొట్టి. అప్పటి అలవాటు ప్రకారం జి.ఐ. పైపులన్నీ గోడల్లోనే పాతించి, పైన సిమెంటు పూయించాం. చూడటానికి అందంగా ఉంటుందని మేస్త్రి చెప్పాడు. ఉంది కూడా.

2018 జనవరి నాటికి మేడ మీద ఒక బ్యాంకు ఉద్యోగి, ఆయన భార్య, ఎనిమిది నెలల పసివాడు ఉండేవారు. మూడు రోజులకొకసారి మోటారు వేస్తే సరిపోయే తొట్టి, ఆ నెలలో రెండు రోజులకే ఖాళీ కావడం మొదలుపెట్టింది. అదే సమయంలో మా వెనక గది పైకప్పు మీద చెమ్మ కనిపించింది. సరిగ్గా పైవాళ్ళ బాత్‌రూం కింద! ఇక నాకు సందేహమేముంది? పసిపిల్లవాడు, గుడ్డలు, స్నానాలు... నీళ్ళు ధారాళంగా ఒలకబోస్తున్నారని తీర్మానించుకున్నాను.

మేడెక్కి చెప్పాను: "నీళ్ళు కాస్త చూసి వాడుకోండమ్మా."

ఆ అమ్మాయి నెమ్మదిగా అంది: "చూసే వాడుతున్నామండీ మాస్టారూ. రోజుకు ఇరవై బకెట్లు దాటటం లేదు. లెక్కపెట్టుకుంటున్నాను."

ఆ లెక్క నేను చెవిని పెట్టలేదు. ఫిబ్రవరిలో మళ్ళీ చెప్పాను. మార్చిలో కొంచెం గట్టిగా చెప్పాను. మార్చి నెలాఖరుకు వాళ్ళు ఇల్లు ఖాళీ చేశారు. పైకప్పు మరమ్మతు కింద అడ్వాన్సులో నాలుగు వేలు పట్టుకుని మిగిలింది ఇచ్చాను. ఆయన ఏమీ మాట్లాడకుండా తీసుకున్నాడు.

మూడు వారాల్లో పైకప్పు చెమ్మ ఆరిపోయింది. "చూశావా, నే చెప్పలా?" అన్నాను మా ఆవిడతో. ఆవిడ మోటారు స్విచ్చి దగ్గర నిలబడి ఉంది. "అదంతా సరేగానీ, పైన తాళం వేసుందిగా. మనిద్దరమే కదా ఉన్నాం. వారానికొకసారి వెయ్యాల్సిన మోటారు నాలుగు రోజులు తిరక్కుండా మళ్ళీ వేస్తున్నానేం? ఈ నీళ్ళెవరు తాగుతున్నారు?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఇల్లు ఖాళీ అయింది. నీళ్ళు ఖాళీ కావడం మాత్రం ఆగలేదు.

ముందు కొలవాలి

లీకు అనగానే మనం చేసే మొదటి పని ప్లంబరును పిలవడం. ఆయన చేసే మొదటి పని సుత్తీ ఉలీ తీయడం. మా ఇంటికి వచ్చిన మొదటి ప్లంబరు, చెప్పులు విప్పకుండానే బాత్‌రూం మొత్తం పగలగొట్టాలన్నాడు. ఎందుకని అడిగితే, పాత ఇల్లు కదండీ అన్నాడు. రేపు రమ్మని పంపించేసి, నేను మీటరు స్కేలు తీసుకుని డాబా ఎక్కాను. జనవరిలోనే ఎక్కవలసిన వాణ్ణి ఏప్రిల్‌లో ఎక్కాను.

పరీక్ష చాలా సులభం. రాత్రి పది గంటలకు తొట్టి నింపి, మోటారు ఆపి, ఇంట్లో కుళాయిలన్నీ కట్టేయాలి. తొట్టిలోకి వచ్చే నీళ్ళ దారి కూడా మూసి ఉండాలి. తొట్టి అంచు నుంచి నీటి మట్టం ఎంత దిగువన ఉందో స్కేలుతో కొలిచి రాసుకోవాలి. తెల్లవారుజామున ఎవరూ చెంబెడు నీళ్ళు వాడక ముందే మళ్ళీ కొలవాలి. మూత ఉన్న తొట్టిలో ఒక రాత్రిలో ఆవిరయ్యేది లెక్కలోకి రాదు. మట్టం తగ్గిందంటే నీళ్ళు ఎటో పోతున్నాయన్నమాట.

ఎంత పోతున్నాయో కూడా తెలుస్తుంది. మా తొట్టి లోపలి కొలతలు 2 మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు వెడల్పు. వైశాల్యం 3 చదరపు మీటర్లు. కాబట్టి మట్టం 1 సెంటీమీటరు తగ్గితే 30 లీటర్లు పోయినట్టు. ఈ రోజుల్లో అందరూ పెట్టుకునే గుండ్రటి ప్లాస్టిక్ తొట్టి అయితే, వ్యాసం 1.1 మీటరు అనుకుందాం, సెంటీమీటరుకు సుమారు తొమ్మిదిన్నర లీటర్లు. నీటి మీటరు ఉన్నవారికి ఇంకా సులువు. కుళాయిలన్నీ కట్టేసినా మీటరులోని చిన్న చక్రం తిరుగుతూ ఉంటే మీటరుకు ఇవతల ఎక్కడో లీకు ఉన్నట్టే.

మా తొట్టిలో రాత్రి పదినుంచి తెల్లవారి అయిదు దాకా, ఏడు గంటల్లో, మట్టం 3 సెంటీమీటర్లు దిగింది. అంటే 90 లీటర్లు. రోజు మొత్తానికి 300 లీటర్ల పైమాటే! మన దేశంలో మురుగునీటి వ్యవస్థ ఉన్న పట్టణాలకు నీటి పథకాలు వేసేటప్పుడు మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున లెక్క కడతారు. ఆ లెక్కన మా ఇంట్లో, మాకు తెలియకుండా, అద్దె ఇవ్వకుండా, మరో జంట కాపురం ఉంటోందన్నమాట.

ఇప్పుడు ఆ అమ్మాయి చెప్పిన ఇరవై బకెట్లు గుర్తొచ్చాయి. బకెట్టు 18 లీటర్లనుకున్నా 360 లీటర్లు. ముగ్గురు మనుషులకు, తలా 120 లీటర్లు. వాళ్ళు ప్రభుత్వ లెక్క కంటే తక్కువే వాడుకున్నారు.

గుండుసూది మహిమ

ఇన్ని నీళ్ళు పోవాలంటే పైపు పగిలిపోయి ఉండాలని చాలామంది అనుకుంటారు. అలా ఉండనక్కర్లేదు. ఇటలీ శాస్త్రజ్ఞుడు టొరిసెల్లీ 1644లో ప్రచురించిన సూత్రం ఇంటర్మీడియట్‌లో అందరం బట్టీపట్టినదే. రంధ్రం లోంచి నీరు చిమ్మే వేగం, 2, గురుత్వ త్వరణం, నీటి ఎత్తు — ఈ మూడింటి లబ్ధానికి వర్గమూలం. మా డాబా మీది తొట్టికీ పెరటి నేలకూ మధ్య ఎత్తు 7 మీటర్లు. లెక్క వేస్తే వేగం సెకనుకు దాదాపు 11.7 మీటర్లు వస్తుంది. రంధ్రం దగ్గర ధార సన్నబడుతుంది కనుక వైశాల్యంలో 60 శాతమే పనిచేస్తుందనుకుందాం. 1 మిల్లీమీటరు వ్యాసం గల చిల్లు లోంచి రోజుకు సుమారు 475 లీటర్లు పోతాయి. మా 300 లీటర్లకు మిల్లీమీటరు కూడా అక్కర్లేదు, 0.8 చాలు. గుండుసూది కంటే కాస్త లావు, అంతే.

ఇక్కడ ఇంకో సంగతి గమనించండి. ఎత్తు రెట్టింపయితే కారే నీరు 1.4 రెట్లే పెరుగుతుంది. చిల్లు వ్యాసం రెట్టింపయితే నాలుగు రెట్లు పెరుగుతుంది. తుప్పు తినే పైపులో చిల్లు పెద్దదవుతూనే పోతుంది. అందుకే "చిన్న లీకే గదా, వేసవి అయ్యాక చూద్దాం" అనే మాట ప్రమాదకరం.

దొంగ ఏ వీధిలో ఉన్నాడు?

ఎంత పోతోందో తెలిసింది. ఎటు పోతోందో తెలియాలి. ఇక్కడ పనికొచ్చేది శాస్త్రంలో అన్నిటికంటే పాత పద్ధతి: ఒక్కొక్కటే విడదీసి చూడటం.

దానికంటే ముందు తేలికగా తేలిపోయేవి తేల్చెయ్యాలి. ఇళ్ళలో చప్పుడు చెయ్యని లీకులకు పుట్టిల్లు ఫ్లష్ తొట్టి. లోపలి రబ్బరు బిళ్ళ అరిగితే నీరు సన్నగా పింగాణీ గోడ వెంట జారిపోతుంది. కంటికి కనబడదు. తొట్టిలో బట్టలకు వాడే నీలిమందు నాలుగు చుక్కలు వేసి, ఒక అరగంట ఎవరూ ఫ్లష్ చెయ్యకుండా ఆపండి. కింద నీళ్ళు నీలంగా మారితే బిళ్ళ పోయినట్టే. మా ఇంట్లో రెండూ బాగానే ఉన్నాయి.

మా తొట్టినుంచి మూడు పైపులు దిగుతాయి. ఒకటి మేడ వాటాకు, ఒకటి కింది వాటాకు, మూడోది పెరట్లోని కుళాయిలకు. ప్రతిదానికీ తొట్టి దగ్గర ఒక గేటు వాల్వు ఉంది. మొదటి రాత్రి మూడూ కట్టేశాను. మట్టం కదల్లేదు. అంటే తొట్టికి బీట లేదు. రెండో రాత్రి మేడ వాల్వు ఒక్కటే తెరిచాను. మట్టం కదల్లేదు. మూడో రాత్రి కింది వాటా వాల్వు. అదీ కదల్లేదు. నాలుగో రాత్రి పెరటి వాల్వు ఒక్కటే తెరిచాను. తెల్లారేసరికి సరిగ్గా 3 సెంటీమీటర్లు!

ఇది చేసేవారికి ఒక హెచ్చరిక. పాత గేటు వాల్వులు ఎంత తిప్పినా పూర్తిగా మూసుకోవు. వాల్వు కట్టేశాక ఆ పైపు మీది కుళాయి విప్పి చూడండి. పైపులో నిలవున్న నీళ్ళు పోయాక ధార పూర్తిగా ఆగిపోవాలి. సన్నగా వస్తూనే ఉంటే ఆ వాల్వును నమ్మి లెక్క వెయ్యకూడదు.

పెరటి పైపు నేలలో రెండడుగుల లోతున, సిమెంటు చేసిన వాకిలి కింద పోతుంది. ఆ కింద ఎర్రమట్టి. ఎన్ని నీళ్ళు పోసినా తాగేస్తుంది, పైకి ఒక్క చుక్క కనబడనివ్వదు. ఆ ఏడు మా కొబ్బరిచెట్టు బాగా కాసిందని అందరికీ చెప్పుకున్నాను. ఎందుకు కాసిందో ఇప్పుడు అర్థమయింది.

మరి పైకప్పు చెమ్మ మాటేమిటి?

ఇక్కడే నేను మోసపోయింది. మా ఇంట్లో లీకు ఒకటి కాదు, రెండు. కంటికి కనిపించిన చెమ్మ వేరు, తొట్టి ఖాళీ చేసిన దొంగ వేరు. రెండూ ఒకే నెలలో బయటపడేసరికి నేను రెంటినీ ఒకటే అనుకున్నాను. ఆ ఒక్కదానికీ ఒక మనిషిని కారణంగా కట్టేశాను.

చెమ్మ ఎక్కడినుంచి వస్తోందో చెప్పేది అది కనబడే చోటు కాదు, వేళ. నీరు పైపు వెంట, శ్లాబు పగుళ్ళ వెంట, ఇటుకల సందుల వెంట ఎంత దూరమైనా ప్రయాణం చేసి, తనకు వీలైన చోట బయటపడుతుంది. కాని వేళను మాత్రం దాచలేదు. నీళ్ళు తెచ్చే పైపులో లీకు ఉంటే చెమ్మ ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, మనుషులు ఊరెళ్ళినా ఆరదు. వాడిన నీళ్ళు బయటికి పోయే గొట్టంలో లీకు ఉంటే, వాడినప్పుడు తడుస్తుంది, వాడకపోతే ఆరుతుంది. డాబా మీదినుంచి వచ్చే వాన చెమ్మ శ్రావణ భాద్రపదాల్లో వచ్చి సంక్రాంతికి పోతుంది. పునాదినుంచి పైకి పాకే చెమ్మ నేలనుంచి మొదలై గోడకు అడ్డంగా ఒక పట్టీలాగా ఉంటుంది. ఇది కేశనాళికత వల్ల కలిగేది. ఇటుకలోని సందు వ్యాసార్ధం మిల్లీమీటరులో నూరో వంతు ఉంటే నీరు సిద్ధాంత రీత్యా ఒకటిన్నర మీటరు దాకా ఎగబాకగలదు. ఆ పట్టీ పై అంచున తెల్లటి ఉప్పు పొడి పూస్తుంది, సున్నం పెచ్చులూడుతుంది.

ఈ వరస ప్రకారం చూస్తే, మేడ ఖాళీ అయ్యాక ఆరిపోయిన చెమ్మ పోయే గొట్టానిదే. అయితే నేల పలకల సందులదా, నహానీ ట్రాపుదా? దీనికీ ఒక పరీక్ష ఉంది. పై బాత్‌రూంలో నహానీ ట్రాపు మూతికి గుడ్డ బిరడా బిగించి, నేల మీద రెండంగుళాల నీళ్ళు నిలవబెట్టాను. ఒక పగలూ ఒక రాత్రీ చూశాను. కింద పైకప్పు పొడిగానే ఉంది. అంటే నేల బాగుంది. బిరడా తీసి నీళ్ళన్నీ ట్రాపులోకి వదిలి, మరో పది బకెట్లు పోశాను. మర్నాటికి పాత చోటే చెమ్మ తేలింది. ట్రాపుకూ గొట్టానికీ మధ్య అతుకు వదిలిపోయింది. 1989లో మా మేస్త్రి వేసిన అతుకు అది. ఆ పసివాడు పుట్టడానికి ఇరవై ఎనిమిదేళ్ళ ముందు వేసినది!

నీళ్ళలో రంగు కలిపి చూడటం కూడా ఉంది. ఈ రంగు పద్ధతి చిన్నదేమీ కాదు. జర్మనీలో డాన్యూబ్ నది ఒక చోట సున్నపురాతి నేలలోకి ఇంకిపోతుంది. ఆ నీరు ఎటు పోతోందో తేల్చడానికి 1877లో నదిలో 10 కిలోల ఫ్లోరెసీన్ రంగు కలిపారు. దాదాపు రెండున్నర రోజుల తరువాత, సుమారు 12 కిలోమీటర్ల దూరంలోని ఆఖ్ అనే ఊటలో మెరిసే ఆకుపచ్చ నీళ్ళు బయటికి వచ్చాయి. నదినే పట్టిచ్చిన పద్ధతి బాత్‌రూంకు చాలదా? చాలుతుంది గాని ఒక చిక్కుంది. శ్లాబులోని సిమెంటు రంగును పట్టేసుకుని వట్టి నీటిని వదలవచ్చు. రంగు కనిపిస్తే సాక్ష్యమే. కనిపించకపోతే లీకు లేదని చెప్పడానికి వీల్లేదు.

చెవిని మించిన యంత్రం

పెరటి పైపు పొడవు 20 మీటర్లు. వాకిలి అంతా తవ్వుకుంటూ పోవాలా? ఈసారి ఒక పెద్ద వయసు ప్లంబరు దొరికాడు. పగలు రాననీ, రాత్రి రెండు గంటలకు వస్తాననీ అన్నాడు. ఒక చేతిలో టార్చిలైటు, రెండో చేతిలో గజం పొడవున్న ఇనుప కడ్డీ. అంతే సరంజామా.

కడ్డీ ఒక కొస పెరటి కుళాయి పైపు మీద ఆనించి, రెండో కొస చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. తరువాత వాకిట్లో అడుగడుగునా కడ్డీ నిలబెట్టి విన్నాడు. బట్టలుతికే బండ దగ్గర ఆగి, నన్ను పిలిచి వినమన్నాడు. సన్నగా, ఆగకుండా, సుయ్ మని శబ్దం! మూడు అడుగులు పక్కకు జరిగితే వినబడలేదు.

ఇందులో మంత్రమేమీ లేదు. ఒత్తిడిలో ఉన్న నీరు సన్నని చిల్లు లోంచి దూసుకొచ్చేటప్పుడు సుడులు తిరుగుతుంది. ఆ సంక్షోభానికి పైపు గోడ కంపిస్తుంది. ఇనుప పైపు ఆ కంపనాన్ని చాలా దూరం మోసుకుపోతుంది. రాత్రి ఎందుకంటే వీధి చప్పుడు ఉండదు, నీళ్ళ వాడకమూ ఉండదు. ప్లాస్టిక్ పైపు మెత్తన గనుక శబ్దాన్ని కొద్ది దూరంలోనే మింగేస్తుంది. అక్కడ చెవి అంతగా పనికిరాదు.

పట్టణ నీటి సరఫరాలో ఇప్పుడు వాడే యంత్రాలు చేసేదీ ఇదే, ఒక చెవికి బదులు రెండు చెవులతో. పైపు మీద రెండు చోట్ల మైకుల వంటివి బిగిస్తారు. మాట వరసకు వాటి మధ్య దూరం 30 మీటర్లు, పైపులో శబ్దం వేగం సెకనుకు 1200 మీటర్లు అనుకుందాం. లీకు శబ్దం మొదటి మైకుకు 5 మిల్లీసెకన్లు ముందు చేరిందనుకోండి. అంటే దారిలో తేడా 6 మీటర్లు. కాబట్టి లీకు మొదటిదానికి 12, రెండోదానికి 18 మీటర్ల దూరాన ఉంది. ఇది మొదటి సంవత్సరం లెక్క!

గోడల్లో చెమ్మకు ఉష్ణచిత్రాలు తీసే కెమెరాలు కూడా వచ్చాయి. అయితే అవి నీటిని చూడవు, ఉష్ణోగ్రతను చూస్తాయి. తడి ఆరేచోట గోడ చల్లబడుతుంది, అది కెమెరాకు తెలుస్తుంది. మన కోస్తా ఉక్కలో, గాలిలో తేమ నిండుగా ఉన్న రోజున తడి అసలు ఆరదు గనుక తేడా కూడా మసకబారుతుంది. తేమ కొలిచే చిన్న మీటర్లు గోడ విద్యుత్ నిరోధాన్ని కొలుస్తాయి. ఉప్పు పట్టిన గోడ ఎంత పొడిగా ఉన్నా వాటిని మోసం చెయ్యగలదు.

డబ్బు ఖర్చు లేని పరీక్ష కావాలంటే, చెమ్మ ఉన్న చోట జానెడు అల్యూమినియం రేకు కాగితం గోడకు ఆనించి, నాలుగు వైపులా టేపు అంటించి, ఒక రోజు ఉంచండి. కాగితం వెనక తడి పట్టిందా, నీరు గోడలోంచి వస్తోంది. ముందువైపు పట్టిందా, గదిలోని తేమ చల్లటి గోడమీద చెమరుస్తోంది. అప్పుడు కావలసింది ప్లంబరు కాదు, కిటికీ.

మా వాకిట్లో రెండడుగుల చదరం మాత్రం తవ్వారు. ఎల్బో దగ్గర మర కోసిన చోట పైపుకు చిల్లు. జి.ఐ. పైపుకు రక్ష దాని మీది జింకు పూత. మర కోసినప్పుడు ఆ పూత తెగిపోతుంది, గోడ మందం తగ్గుతుంది. సఫేదా పూసి జనపనార చుట్టి బిగించినా, తుప్పు ముందు అక్కడే కాపురం పెడుతుంది. అందుకే వెతికేటప్పుడు తిన్నని పైపును వదిలి అతుకుల్ని అనుమానించాలి. ఆ పాత పైపును అక్కడే వదిలేసి, కొత్త ప్లాస్టిక్ పైపు గోడ వెంట బయటికే వేయించాను. అందంగా లేదు. కాని కంటికి కనబడుతుంది.

నీళ్ళ ఖర్చు ఒక్కటే కాదు

కారితే కారనీ, మన డబ్బే గదా అనేవారికి రెండు మాటలు. గోడలోని చెమ్మ స్విచ్చి బోర్డు దాకా వస్తే ప్రాణాపాయం. అటువంటి గోడను తడి చేత్తో తాకకుండా, ముందు మెయిను ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. శ్లాబులోకి దిగిన నీరు కమ్మీలను తుప్పు పట్టిస్తుంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు చోటు తీసుకుంటుంది, కాంక్రీటును లోపలినుంచి పగలగొడుతుంది. పెచ్చులూడి మీద పడేది అందువల్లనే.

అన్నిటికంటే ముఖ్యం ఆరోగ్యం. మన ఊళ్ళలో పంపు నీళ్ళు రోజులో కాసేపే వస్తాయి. నీళ్ళు వచ్చేటప్పుడు చిల్లు లోంచి నీరు బయటికి పోతుంది. నీళ్ళు ఆగాక పైపు ఖాళీ అయి, పక్కనున్న మురుగును అదే చిల్లు లోపలికి పీల్చుకోగలదు. వీధి నుంచి సంపుకు వచ్చే పైపులో లీకు ఉందంటే అది రెండు వైపులా తెరిచిన తలుపు. నీళ్ళు మొదట వదిలినప్పుడు వాసన గాని, మడ్డి గాని వస్తే వెంటనే అనుమానించాలి.

విశాఖకు నీళ్ళు గోస్తని మీది తాటిపూడి నుంచీ, ఏలేరు నుంచి సుమారు 150 కిలోమీటర్ల కాలువ వెంటా వస్తున్నాయి. అంత దూరం నడిచొచ్చిన నీటిని ఇంటి గుమ్మంలో మట్టిపాలు చేస్తున్నాం.

విద్యార్థి మిత్రులకు ఒక చిన్న పని చెబుతాను. మీ హాస్టల్లో కారే కుళాయి ఒకటైనా ఉంటుంది, మా రోజుల్లోనూ ఉండేది. ల్యాబులోని కొలజాడీ పట్టుకెళ్ళి నూరు చుక్కలు పట్టండి. ఒక్కో చుక్క పరిమాణం కుళాయి మూతిని బట్టి మారుతుంది కనుక పుస్తకంలో చూసి వేసే లెక్క కాదిది, పట్టి కొలవాల్సిందే. చుక్క పావు మిల్లీలీటరు అయితే, సెకనుకొక చుక్క చొప్పున రోజుకు 21 లీటర్ల పైచిలుకు. ఆ అంకె కాగితం మీద రాసి వార్డెనుగారికి ఇవ్వండి. "కుళాయి కారుతోందండీ" అనే మాటకు లేని బలం అంకెకు ఉంటుంది.

చివరి మాట

లీకు దొరికిన వారం రోజులకు, నాలుగు వేలు కవరులో పెట్టుకుని గాజువాకలో ఆ దంపతులు ఉంటున్న ఇంటికి వెళ్ళాను. పిల్లవాడు గోడ పట్టుకుని నిలబడుతున్నాడు. జరిగినదంతా చెప్పి, తప్పు నాదేనమ్మా అన్నాను. ఆ అమ్మాయి మజ్జిగ ఇచ్చి, కాసేపు ఊరుకుని అంది:

"ఆ మూడు నెలలూ బకెట్లు లెక్కపెట్టడమే నా పనైపోయింది మాస్టారూ. ఎండాకాలం వస్తోంది, పిల్లాడికి రెండోసారి నీళ్ళు పోయాలంటే కూడా ఆలోచించేదాన్ని."

కవరు తీసుకుంది. ఉంచుకోండి మాస్టారూ అనలేదు. అనకపోవడమే న్యాయమనిపించింది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగను మీటరు స్కేలు పట్టింది. అయిదు రాత్రులు పట్టింది, అంతే. ఆ ఇంట్లో ముందే కొలిచింది, లెక్క రాసింది ఆ అమ్మాయి. కొలవడం ఉద్యోగంగా బతికిన నేను మాత్రం కొలవకుండా తీర్పు చెప్పాను. ఈ వ్యాసం చదివి ఒక్కరైనా గోడ మీద సుత్తి వేసే ముందు, మనిషి మీద మాట వేసే ముందు, స్కేలు పట్టుకుని ఒక రాత్రి డాబా ఎక్కితే నా శ్రమ ఫలించినట్టే.